చేతిని గుర్తుపట్టడం: గులేర్ చిత్రకారుడు నైన్‌సుఖ్
(డ్రాయింగు మాస్టారి స్మారకోపన్యాసం, వరంగల్)



బొమ్మ కింద పేరు రాయకపోతే మాస్టారు మార్కులు వేసేవారు కాదని ఆయన శిష్యులు చాలామంది చెప్పగా విన్నాను. బొమ్మ ఎంత బాగున్నా ముందు పేరు, తరగతి, తారీఖు ఉండాల్సిందే. అది క్రమశిక్షణ కోసం పెట్టిన నియమమని పిల్లలు అనుకునేవారట. నాకు మాత్రం దాని వెనక పెద్ద ఆలోచనే ఉందనిపిస్తుంది. అందుకే ఆయన పేరిట మాట్లాడే ఈ పూట, తన పేరు ఎక్కడో ఒక తీర్థపురోహితుడి పుస్తకంలో రాసి వెళ్లిపోయిన ఒక చిత్రకారుడి గురించి చెప్పాలనుకున్నాను. ఆయన పేరు నైన్‌సుఖ్. ఊరు గులేర్. ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లో, కాంగ్రా జిల్లాలో ఉంది. పుట్టింది సుమారు 1710లో, పోయింది సుమారు 1778లో.

1763 జూన్ నెలలో ఈ నైన్‌సుఖ్ హరిద్వారం వెళ్లాడు. తన యజమాని బల్వంత్ సింగ్ చనిపోయాడు. అస్థికలు గంగలో కలపడానికి వెళ్లిన బృందంలో ఆయన కూడా ఉన్నాడు. కాశీకో గయకో వెళ్లివచ్చిన ఇళ్లలో పండాల సంగతి తెలియనివాళ్లుండరు. ఊరు, కులం, ఇంటిపేరు చెప్పగానే పొడవాటి పుస్తకం విప్పి, మన ముత్తాత ఎప్పుడు వచ్చాడో, ఎవరి అస్థికలు తెచ్చాడో చదివి వినిపిస్తారు. ఆ పుస్తకాలను బహీలంటారు. నైన్‌సుఖ్ కూడా తన కుటుంబపు పండా దగ్గరికి వెళ్లి, పుస్తకంలో తండ్రి తాతల పేర్లు, తన పేరు, పిల్లల పేర్లు రాయాల్సినట్టే రాశాడు. అక్కడితో ఆగలేదు. అదే పుస్తకంలో ఒక చిన్న బొమ్మ గీశాడు. శివుడు, పార్వతి, గంగ, ఎదురుగా వేడుకుంటున్న భగీరథుడు.

ఆ బొమ్మకు డబ్బిచ్చినవాళ్లు లేరు. దాన్ని ఏ రాజూ చూడడు. అది చేరేది వంశావళుల మధ్యకు, లెక్కల మధ్యకు, వేలిముద్రల మధ్యకు. అయినా గీశాడు. భగీరథుడు గంగను ఎందుకు దించాడో మనకందరికీ తెలుసు, పెద్దల బూడిద తడపడానికి. ఒక మనిషి బూడిద పట్టుకుని గంగ ఒడ్డుకు వచ్చిన చిత్రకారుడు గీయడానికి అంతకంటే తగిన ఘట్టం ఏముంటుంది? నైన్‌సుఖ్ గురించి నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇదే. పని లేనప్పుడు, చూసేవాళ్లు లేనప్పుడు కూడా ఆ చెయ్యి ఆలోచిస్తూనే ఉంది.

ఆ పేజీ మనకు దొరికింది ఒక పరిశోధకుడి పట్టుదల వల్ల. ఆయన బి.ఎన్. గోస్వామి. ఐఏఎస్ ఉద్యోగంలో చేరి, 1958లో దాన్ని వదులుకుని, కాంగ్రా చిత్రాల సామాజిక నేపథ్యం మీద పరిశోధన చేసి, తరువాతి జీవితమంతా చండీగఢ్‌లో చిత్రకళను బోధిస్తూ గడిపారు. 2023 నవంబరులో కన్నుమూశారు. ఆయన చేసిన పనేమిటో తెలియాలంటే, అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి.

ఆనంద కుమారస్వామి 1916లో రాజపుత్ర చిత్రకళ మీద రెండు సంపుటాలు వెలువరించారు. మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యతో కలిసి నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన కుమారస్వామే ఈయన. మొగలు దర్బారు చిత్రకళ వేరు, రాజస్థాన్‌లోనూ పంజాబు కొండల్లోనూ పెరిగిన చిత్రకళ వేరు అని గట్టిగా చెప్పిన మొదటి గొంతు ఆయనది. ఆ మేలు చిన్నది కాదు. కానీ భారతీయ కళాకారుడు పేరు కోరుకోడు, సంప్రదాయమే ఆయన చేత గీయిస్తుంది అన్న ఊహ కుమారస్వామి రాతల వల్ల బాగా నాటుకుపోయింది. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. దాని ఫలితం మాత్రం, గీసినవాడెవరని వెతికే అవసరమే లేకుండా పోవడం. తరువాత వచ్చినవాళ్లు కొండ చిత్రాలను సంస్థానాల వారీగా విడదీశారు. ఇది బసోలీ శైలి, ఇది గులేర్, ఇది కాంగ్రా, ఇది చంబా, ఇది జమ్మూ అని. ఒక్కో రాజ్యానికి ఒక్కో శైలి అన్నమాట. రావి, బియాస్, సత్లెజ్ నదుల చుట్టుపక్కల, గుర్రం మీద రెండు మూడు రోజుల్లో దాటిపోగలిగే అంత చిన్న రాజ్యాలు అవి.

ఈ లెక్క ఎక్కడ తప్పిందంటే, చిత్రకారులు ఒకచోట ఉండరు. పని ఉన్నచోటికి పోతారు. గులేర్ మనిషి మరో చిన్న రాజ్యం జస్రోటాలో గీస్తే అది ఏ శైలి? ఆయన కొడుకు కాంగ్రాలో గీస్తే? గోస్వామికి ఈ ప్రశ్న తట్టింది. బొమ్మల వెనక అక్కడక్కడా టాకరీ లిపిలో పేర్లు కనిపిస్తున్నాయి. ఆ పేర్లకు ఇల్లూ వాకిలీ తెలియదు. తీర్థయాత్రలకు అందరూ వెళ్తారు కదా, చిత్రకారులూ వెళ్లి ఉంటారు కదా అనుకుని ఆయన హరిద్వారం లాంటి క్షేత్రాలకు వెళ్లి పండాల ముందు కూర్చున్నారు. బహీల్లో ఎంట్రీలు ఊరు, కులం ప్రకారం ఉంటాయి. గులేర్ వడ్రంగుల పుస్తకం తీయమన్నారు. ఈ చిత్రకారుల కుటుంబాలు కులరీత్యా వడ్రంగులు, అక్కడి మాటలో తర్ఖాన్లు. అందులో 1736లో మానకు అనే ఆయన రాసిన ఎంట్రీ దొరికింది. 1763లో నైన్‌సుఖ్ రాసినది దొరికింది. తరువాతి తరాలు రాసినవీ దొరికాయి. ఒక్కొక్కటి కలుపుకుంటూ పోతే మొత్తం వంశవృక్షం బయటపడింది. తండ్రి పండిత్ సేవు. పెద్దకొడుకు మానకు. చిన్నకొడుకు నైన్‌సుఖ్. మానకు కొడుకులు ఫత్తూ, ఖుషాలా. నైన్‌సుఖ్ కొడుకులు కామా, గౌఢూ, నిక్కా, రాంఝా.

1968లో ఆయన ఈ సంగతంతా ‘మార్గ్’ పత్రికలో రాశారు. శైలికి ఆధారం రాజ్యం కాదు, కుటుంబం అన్నది ఆయన వాదం. ఒక్క వ్యాసంతో కొండ చిత్రకళ చరిత్రను కొత్తగా రాయాల్సి వచ్చింది.

పేరు పోతే ఎంత దూరం పోతామో చెప్పడానికి మానకు సంగతే చాలు. 1730 నాటి ఒక గీతగోవింద చిత్రమాలలో సంస్కృత శ్లోకం ఉంది. అందులో మానకు పేరుంది. ఆయన చిత్రకారుడని తెలియని రోజుల్లో, ఆ బొమ్మలు గీయించుకున్న రసజ్ఞురాలైన ఒక స్త్రీ పేరుగా దాన్ని చదివినవాళ్లున్నారు. ఆమె చుట్టూ కథలు కూడా అల్లారు. కుంచె పట్టిన మనిషిని తీసేసి, ఆ స్థానంలో లేని పోషకురాలిని కూర్చోబెట్టారు! బొమ్మకు సొంతదారు ఉంటాడని నమ్మడం మనకు తేలిక, గీసినవాడు ఉంటాడని నమ్మడం కష్టం. నైన్‌సుఖ్ యజమాని బల్వంత్ సింగ్‌ను కూడా చాలాకాలం జమ్మూ రాజు రంజిత్ దేవ్ తమ్ముడనే అనుకున్నారు. జస్రోటా వాడని తరువాత తేలింది.

ఇక మనిషి దగ్గరికి వద్దాం.

గులేర్ రాజ్యం పుట్టుక గురించి ఒక కథ చెప్తారు. 15వ శతాబ్దం మొదట్లో కాంగ్రా రాజు హరిచంద్ వేటలో తప్పిపోయి బావిలో పడ్డాడు. చనిపోయాడనుకుని తమ్ముడికి పట్టం కట్టారు. ఎవరో బాటసారులు బావిలోంచి తీస్తే బతికి వచ్చిన ఆ రాజు, తమ్ముణ్ని దింపడం ఇష్టంలేక, పక్కనే హరిపుర్ కట్టుకుని కొత్త రాజ్యం స్థాపించాడు. ఆ హరిపుర్ గులేర్‌లోనే మూడొందల ఏళ్ల తరువాత పండిత్ సేవు ఇల్లు. మొగలు కొలువుతో ఆ రాజులకు పాత సంబంధాలు ఉండేవి కాబట్టి, అక్కడి రుచులు కొండల్లోకి ఈ దారిన కూడా వచ్చాయి.

ఒకే ఇంట్లో, ఒకే తండ్రి దగ్గర నేర్చుకున్న అన్నదమ్ములు ఇంత వేరుగా గీయడం ఆశ్చర్యం. మానకు మనసంతా పురాణంలోనే. గీతగోవిందం, లంక ముట్టడి, భాగవతం, ఇవీ ఆయన పని. ముదురు రంగులు నిండుగా పరుస్తాడు. మనుషుల్ని సాహసంగా పేరుస్తాడు. రావణుడి కోట గీస్తే బంగారం మెరుస్తుంది. తమ్ముడికి కళ్లముందున్న మనిషి కావాలి. పడుచు వయసులో, 1730 ప్రాంతంలో, తన బొమ్మ తనే వేసుకున్నాడు. ఒళ్లో పలక, చేతిలో కుంచె. కొండ ప్రాంతంలో ఒక వడ్రంగి ఇంటి యువకుడు తన ముఖాన్ని చూసుకుని, ఇది గీయదగ్గదేనని అనుకోవడం ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

దిల్లీ మీద నాదిర్షా 1739లో దండెత్తాడు, చిత్రకారులు చెల్లాచెదురై కొండలకు పారిపోయారు, ఆ విధంగా మొగలు సొగసు గులేర్‌కు చేరిందని పాతకాలపు పుస్తకాల్లో ఉంటుంది. నైన్‌సుఖ్ స్వీయచిత్రం నాదిర్షా కంటే ముందుది. మొగలు బొమ్మలు ఆయన చూశాడు, శ్రద్ధగా చూశాడు, గీతలోనే తెలుస్తుంది. ఎవరో శరణార్థి వచ్చి నేర్పితే తప్ప ఈ పని రాదన్నట్టు చెప్పడం మాత్రం నాకు న్యాయంగా తోచదు.

ఇక్కడ గీసే పిల్లలున్నారు కాబట్టి పనిముట్ల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఈ లఘుచిత్రాలకు వాడే కాగితాన్ని వస్లీ అంటారు. చేత్తో చేసిన పలుచని కాగితాలను జిగురుతో ఒకదానిమీదొకటి అంటించి, గట్టి అట్టలా అయ్యాక, నున్నటి రాయితో రుద్దుతారు. జాజు రంగుతోనో నల్లటి సిరాతోనో లేతగా మొదటి గీత పడుతుంది. దానిమీద పలుచగా తెల్ల పూత. కింది గీత మసకగా కనిపిస్తుంటే దానిమీద అసలు గీత. ఆ తరువాతే రంగులు. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలానికి నీలిమందు. రంగు నూరి తుమ్మబంకలో కలుపుతారు. కొంత రంగు పరిచాక బొమ్మను బోర్లా తిప్పి వెనకనుంచి అకీకు రాయితో మళ్లీ రుద్దుతారు. రంగు కాగితంలోకి దిగి ఎనామిల్‌లా మెరుస్తుంది. సన్నటి పనికి ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన కుంచె. చివరికి ఒక్క వెంట్రుక కొన మిగిలేలా కట్టడమే ఒక విద్య. బసోలీ చిత్రాల్లో నగల పచ్చలు మెరవడానికి మెరిసే ఒక రకం పురుగుల రెక్కల తునకలు అంటించేవారు. పిల్లలు రంగులు నూరుతూ, తండ్రి గీసిన గీతమీద గీత దిద్దుతూ పెరిగేవారు. ఆ ఇళ్లలో బొమ్మ ఒక్కటే కాదు, బొమ్మకు ముందు గీసుకున్న చిత్తు గీతలు, చర్బాలని పిలిచే నకళ్లు కూడా తరం నుంచి తరానికి ఆస్తిగా వెళ్లేవి.

ఇంత కష్టపడి నేర్చిన నిండు రంగుల విద్యను నైన్‌సుఖ్ చాలాసార్లు పక్కనపెట్టాడు. వెనక భాగాన్ని దాదాపు ఖాళీగా వదిలేస్తాడు. కాగితం రంగే నేల, కాగితం రంగే గోడ. మనుషులమీద మాత్రం పలుచని రంగు. నిలబడిన తీరు, వంగిన మెడ, జారిన కండువా, ఇవే బొమ్మ. వదిలేయడం ఎంత ధైర్యమో గీసేవాళ్లకు తెలుస్తుంది.

సుమారు 1740లో ఆయన గులేర్ వదిలి జస్రోటా చేరాడు. ఇప్పటి జమ్మూ ప్రాంతంలో, కఠువా దగ్గర ఉంది ఆ ఊరు. అక్కడ రాజవంశానికి చెందిన బల్వంత్ సింగ్ 1724లో పుట్టాడు. అంటే చిత్రకారుడికంటే పద్నాలుగేళ్లు చిన్నవాడు. ఆయన యుద్ధాలు గెలిచినట్టుగానీ పెద్ద కట్టడాలు కట్టినట్టుగానీ చరిత్ర పెద్దగా చెప్పదు. కానీ 18వ శతాబ్దపు భారతదేశంలో ఆయన రోజువారీ బతుకు తెలిసినంత దగ్గరగా మరే రాజు బతుకూ మనకు తెలియదని నేను నమ్ముతాను. దానికి కారణం నైన్‌సుఖ్.

రాజు గడ్డం గీయించుకుంటున్నాడు. మంగలి తన పనిలో మునిగి ఉన్నాడు. రాజు కదలకుండా బిగుసుకుని కూర్చున్నాడు. ఆ కాసేపు ఆ ఇద్దరిలో ఎవరి మాట ఎవరు వినాలో మనకు తెలుస్తూనే ఉంటుంది. ఇంకొక బొమ్మలో ప్రయాణంలో గుడారం వేసుకున్న రాజు ఉత్తరం రాసుకుంటున్నాడు. ఆ ఉత్తరం ఎవరికో తెలియదు, కానీ రాసేవాడి ఏకాంతం తెలుస్తుంది. మరో బొమ్మలో చలికి రజాయి చుట్టుకుని మంట ముందు ముడుచుకు కూర్చున్నాడు, పక్కన హుక్కా. రాజులను గీసే పద్ధతి అందరికీ తెలిసిందే. నిటారుగా, పక్కనుంచి, తలచుట్టూ కాంతివలయంతో, చేతిలో పువ్వుతో. చలికి ముడుచుకున్న రాజును గీయడానికి చిత్రకారుడికి ఎంత చనువుండాలి? గీయనివ్వడానికి ఆ రాజుకెంత మనసుండాలి?

పూజ చేసుకుంటూ, గుర్రాన్ని పరీక్షిస్తూ, పాట వింటూ, వేటాడుతూ కూడా బల్వంత్ ఉన్నాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఒక చిత్రంలో ఆయనకు రాధాకృష్ణులు దర్శనమిస్తారు. అన్నింట్లోనూ ముఖం అదే, మనిషి మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ మారుతూ వస్తాడు.

ఇంతకంటే ముఖ్యం, నా దృష్టిలో, రాజు పక్కనున్నవాళ్లు. విసనకర్ర పట్టుకున్నవాడికి ఒక ముఖం, హుక్కా మోసేవాడికి మరో ముఖం, తంబురా వాయించే ముసలాయనకు వేరే ముఖం. ముక్కు వేరు, పొట్ట వేరు, నిలబడి నిలబడి విసుగెత్తిన భంగిమ వేరు. ఒకడు పక్కవాడి వైపు ఓరగా చూస్తాడు, ఒకడి తలపాగా కొంచెం వదులైంది. ఆ బొమ్మల్లో సేవకుడంటే జాతి పేరు కాదు, ఆ రోజు అక్కడ నిలబడ్డ ఫలానా మనిషి. జ్యూరిక్‌లోని రీట్‌బర్గ్ మ్యూజియంలో బూరలు ఊదేవాళ్ల చిత్రం ఒకటుంది. పొడవాటి, వంపు తిరిగిన బూరలు పైకెత్తి కొందరు ఊదుతున్నారు. బుగ్గలు పూరీల్లా ఉబ్బాయి. మెడ నరాలు తేలాయి. ఊపిరి బిగబట్టినవాడికీ వదులుతున్నవాడికీ తేడా ఆ చిన్న కాగితంమీద స్పష్టంగా కనిపిస్తుంది. చప్పుడు లేని బొమ్మలో అంత చప్పుడు నేను మరెక్కడా చూడలేదు.

అదే మ్యూజియంలో మరో చిత్రం. రాజు కూర్చుని చేతిలో ఉన్న ఒక బొమ్మను చూస్తున్నాడు. ఆ బొమ్మ గీసినవాడు చేతులు జోడించి అక్కడే ఉన్నాడు. ఆ గీసినవాడు నైన్‌సుఖ్. రాజుకు నచ్చుతుందా లేదా అన్న ఆత్రం ఆ వంగిన వీపులో ఉందని ఒకరు అంటే, నచ్చుతుందని తెలిసిన ధీమా ఉందని మరొకరు అనవచ్చు. నాకు రెండూ కనిపిస్తాయి. ఈ ఇద్దరి బంధాన్ని స్నేహమని పిలవడానికి మాత్రం నేను వెనకాడుతాను. ఒకడు సింహాసనం మీద ఉన్నాడు, ఒకడు చేతులు జోడించి ఉన్నాడు. అది నైన్‌సుఖ్ దాచలేదు. కానీ చేతులు జోడించినవాడే ఆ బొమ్మను గీశాడు, తనను అందులో గీసుకున్నాడు.

ఇలాంటి చిత్రకళ లాహోరులోనో దిల్లీలోనో కాక జస్రోటాలో ఎందుకు పుట్టింది? పెద్ద కార్ఖానాల్లో ఒకడు గీత గీస్తే, ఒకడు రంగు వేస్తే, ముఖాలు మరొకడు దిద్దేవాడు. ఆజ్ఞలు పైనుంచి వచ్చేవి. జస్రోటాలో ఒక్క చిత్రకారుడు, ఒక్క యజమాని, ఇరవై ఏళ్లు. దర్బారు చిన్నది, మర్యాదల తెరలు తక్కువ. చూడటానికి సమయం ఉంది. గోస్వామి 1997లో వెలువరించిన నైన్‌సుఖ్ గ్రంథానికి, చిన్న కొండ సంస్థానం నుంచి వచ్చిన గొప్ప చిత్రకారుడన్న అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టారు. ఆ చిన్నతనమే ఆయనకు కలిసివచ్చిందని నా అభిప్రాయం.

బల్వంత్ 1763లో ముప్పైతొమ్మిదేళ్లకే పోయాడు. అస్థికలు తీసుకువెళ్లే బృందాన్ని కూడా నైన్‌సుఖ్ బొమ్మగా గీశాడు. ఇరవై ఏళ్లుగా అన్ని బొమ్మల మధ్యలో కూర్చున్న మనిషి ఈ బొమ్మలో లేడు. ఉన్నది ఆయన బూడిద, ఆయన మనుషులు. ఆ తరువాతే హరిద్వారం, పండా పుస్తకం.

తిరిగి వచ్చాక ఆయన బసోలీ రాజు అమృత్‌పాల్ కొలువులో చేరాడు. అప్పటికి యాభై దాటాయి. బసోలీలో చిత్రాల తీరు మారింది. రోజువారీ మనిషిని గీసినవాడు మళ్లీ పురాణం వైపు, కావ్యం వైపు తిరిగాడు. అన్న పోయింది సుమారు 1760లో. అన్న వదిలిన దారిని తమ్ముడు తన కళ్లతో అందుకున్నాడని నాకనిపిస్తుంది. ఏళ్ల తరబడి నిజమైన మనుషుల భుజాలు, మెడలు, చేతులు చూసిన చెయ్యి గోపికలను గీస్తే వాళ్లకు బరువు వస్తుంది, ఊపిరి వస్తుంది. మానకు పురాణమూ నైన్‌సుఖ్ పరిశీలనా కలిసిన చోట తరువాతి తరం నిలబడింది.

1775 ప్రాంతపు గీతగోవిందం ఆ తరం చేతుల్లోంచి వచ్చింది. మన ఇళ్లలో అష్టపదులు పాడుకునేవాళ్లలో చాలామంది, కాంగ్రా కృష్ణుడి బొమ్మ అంటే ఏది ఊహించుకుంటారో, క్యాలెండర్లలో, పుస్తకాల అట్టలమీద ఏది చూశారో, అది ఎక్కువగా ఈ చిత్రమాలదే. పూసిన చెట్లు, మలుపు తిరిగే యమున, లేత ఆకుపచ్చ ఒడ్డు, చెలికత్తె చెవిలో ఏదో చెబుతున్న రాధ. ఇదే కుటుంబం భాగవతాన్ని, బిహారీ సత్‌సయీని కూడా బొమ్మల్లోకి తెచ్చింది. కాంగ్రా రాజు సంసార్‌చంద్ కాలంలో కొండ చిత్రకళ శిఖరానికి చేరిందని అంటారు. రాజు పేరుతోనే ఆ శిఖరాన్ని పిలవడం ఇప్పటికీ అలవాటు. అక్కడికి ఎక్కించినది గులేర్ వడ్రంగి ఇంటి పిల్లలు. నైన్‌సుఖ్ కొడుకు రాంఝా 1816లో రామాయణాన్ని వందలాది గీతల్లో గీశాడు. తాత పండిత్ సేవు పుట్టింది 1680 ప్రాంతంలో అనుకుంటే, ఒకే ఇంటి చెయ్యి నూట పాతికేళ్లకు పైగా ఆడింది. మరో కొడుకు నిక్కా రాజోల్ వైపు వెళ్లి స్థిరపడ్డాడు. వంశం అక్కడ కొనసాగింది.

ఆ తరువాతి కథ త్వరగా చెప్పేస్తాను. గూర్ఖాల దండయాత్ర, సిక్కుల రాజ్యం, ఆపైన బ్రిటిష్ పాలన. రాజులు పోయారు, పోషణ పోయింది. బొమ్మలు చేతులు మారాయి. ఇవాళ నైన్‌సుఖ్‌ను చూడాలంటే జ్యూరిక్, లండన్, న్యూయార్క్, ముంబయి, దిల్లీ తిరగాలి. 2010లో అమిత్ దత్తా ఆయన మీద ఒక సినిమా తీశారు. మాటలు తక్కువ. జస్రోటా శిథిలాల మధ్యే తీశారు. ఆ బొమ్మల్లోని భంగిమల్లోకి నటులు వచ్చి నిలబడతారు. దొరికితే తప్పక చూడండి.

మనకు దగ్గరి వ్యక్తి ఒకాయన ఈ కథలో ఉన్నారు. జగదీశ్ మిత్తల్. ఝాన్సీలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, భార్య కమలతో కలిసి 1950ల మొదట్లో హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇద్దరూ చిత్రకారులే. హైదరాబాదుకు ముందు ఆయన చంబా ప్రాంతంలో తిరిగి కొండ చిత్రాలను చూశారు, తరువాత వాటిమీద వ్యాసాలు రాశారు. జీవితమంతా కూడబెట్టిన కళాఖండాలతో దంపతులు 1976లో హైదరాబాదులో మ్యూజియం ఏర్పాటు చేశారు. ఆయన దగ్గర కొండ చిత్రాలెంత ప్రేమగా ఉండేవో, మన తెలంగాణ నకాశీలు గీసిన పటాలూ అంతే ప్రేమగా ఉండేవి. ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పేవాళ్లు విప్పి చూపించే ఆ పొడవాటి గుడ్డ పటాలను పాతగుడ్డలుగా చూసే రోజుల్లో ఆయన సేకరించారు, వాటిమీద పుస్తకం వేశారు. గులేర్ కాగితాన్నీ తెలంగాణ పటాన్నీ ఒకే కంటితో చూసిన మనిషి మన మధ్య జీవించడం మన అదృష్టం.

మిత్తల్ గారు చూసిన తీరును పట్టుకునే ఈ సభకు ఒక విన్నపం. నకాశీలు కూడా కుటుంబాలే. వాళ్లింట్లోనూ తండ్రి గీత మీదే కొడుకు గీత. ఒక పటంలో కళ్లు గీసిన తీరు, ఎర్రటి నేల మీద గుర్రం కాలు ఎత్తిన తీరు ఏ ఇంటిదో ఆ ఇళ్ల పెద్దలు చూడగానే చెప్పగలరు. వాళ్లు ఉన్నప్పుడే అడిగి రాసుకోకపోతే, రేపు ఏ పరిశోధకుడు ఏ పండా ముందు కూర్చున్నా దొరకదు. మన మ్యూజియాల్లో పటం కింద ‘తెలంగాణ, 19వ శతాబ్దం’ అని మాత్రమే ఉంటుంది. 1916లో గులేర్ చిత్రాల కింద రాసింది కూడా దాదాపు ఇంతే.

మాస్టారి శిష్యుల్లో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. స్మారక సంఘం ప్రతి ఏడూ పోటీలు పెడుతుంది, బహుమతులిస్తుంది. ఈ సంవత్సరం ఆ బహుమతి డబ్బులోంచి కొంత తీసి, పిల్లల్ని జనగామ మీదుగా చేర్యాల తీసుకువెళ్లండి. అక్కడ గీస్తున్న నకాశీల పక్కన కూర్చోబెట్టండి. వాళ్ల తండ్రి పేరు, తాత పేరు, ఎవరి దగ్గర నేర్చారు, ఏ పటం ఏ ఊరి కథకుడి కోసం గీశారు, అడిగి నోటుబుక్కులో రాయించండి. రాసిన పేజీ పక్కన ఆ నకాశీ చేత ఒక చిన్న బొమ్మ గీయించండి, కింద సంతకం పెట్టించండి. ఒక నకలు సంఘం దగ్గర ఉంచండి, ఒకటి వాళ్లింట్లో ఇచ్చి రండి.